ఛాగోస్ దీవులు మారిషస్‌వి ఎలా అయ్యాయి?

మీరు అడిగినవి మూడు. మారిషస్‌కి 2000 కిలోమీటర్ల పైన దూరంలో, మాల్దీవులకు 500 కిలోమీటర్ల చిల్లర దూరంలో ఉన్న ఛాగోస్ దీవులు మారిషస్‌వి ఎలా అవుతాయి? ఛాగోస్ మీద పాలన ముగించాలని అంతర్జాతీయ న్యాయస్థానం 2019లోనే చెప్పినా బ్రిటన్ ఇన్నేళ్లు ఎందుకు కదల్లేదు? ఇందులో మన దేశానికి ఏం పని? నేను చాలా ఏళ్లు లా కాలేజీలో అంతర్జాతీయ న్యాయం పాఠం చెప్పాను. మొదటి ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవారు, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

దీవి ఎవరిదో స్కేలు పెట్టి కొలిచి తేల్చే పద్ధతి ఏ కోర్టులోనూ లేదు. ఉంటే ముందు మనకే ఇబ్బంది. గ్రేట్ నికోబార్ చివర ఉన్న ఇందిరా పాయింట్ నుంచి ఇండోనేషియాలోని సుమత్రా 200 కిలోమీటర్ల లోపే. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. అయినా ఆ దీవులు బ్రిటిష్ ఇండియా పాలనలో ఉన్నాయి కాబట్టి 1947లో మనకే వచ్చాయి. కోర్టులు చూసేది రెండే సంగతులు. ఫలానా తేదీకి ఈ భూమి ఎవరి పాలనలో, ఏ యూనిట్‌లో భాగంగా ఉంది? ఆ తర్వాత చేతులు మారి ఉంటే, ఆ మార్పు చెల్లుతుందా? ఛాగోస్ కేసు మొత్తం ఈ రెండో దాని చుట్టూనే తిరిగింది.

మొదటి దాంట్లో పెద్దగా వివాదం లేదు. ఛాగోస్ అంటే హిందూ మహాసముద్రం మధ్యలో చెల్లాచెదురుగా ఉన్న 60 దాకా చిన్న పగడపు దీవులు. అన్నిటికన్నా పెద్దది డియెగో గార్సియా. 18వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లు మారిషస్ నుంచి వీటిని ఏలేవారు. ఆఫ్రికా, మడగాస్కర్ల నుంచి బానిసల్ని తెచ్చి కొబ్బరి తోటలు వేయించారు. 1810లో బ్రిటన్ మారిషస్‌ని గెలుచుకుంది, 1814 పారిస్ సంధితో ఛాగోస్ కూడా దాంతోపాటే చేతులు మారింది. అప్పటి నుంచి 1965 దాకా ఛాగోస్‌ని మారిషస్ ఉపప్రాంతంగానే పాలించారు. మాల్దీవులు ఏనాడూ అక్కడ పాలన నడపలేదు. వాళ్ల అసలు ఆందోళన సముద్ర సరిహద్దు గురించి, అంటే చేపలు, సముద్రగర్భం ఎవరి వాటాకి ఎంత అన్నది. ఆ సంగతి తర్వాత వస్తుంది.

ఇక 1965. కథంతా ఇక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

మారిషస్‌కి స్వాతంత్ర్యం ఇవ్వాలా, ఎప్పుడు ఇవ్వాలి అన్న చర్చలు ఆ ఏడాది సెప్టెంబర్‌లో లండన్‌లోని లాంకాస్టర్ హౌస్‌లో జరుగుతున్నాయి. అదే సమయంలో అమెరికాకి హిందూ మహాసముద్రంలో ఒక సైనిక స్థావరం కావాలి. జనం తక్కువగా ఉండాలి, రేపు స్వాతంత్ర్యం వచ్చిన కొత్త ప్రభుత్వం 'ఖాళీ చేయండి' అనే పరిస్థితి ఉండకూడదు. డియెగో గార్సియా వాళ్ల కంటికి సరిగ్గా ఆనింది. దాన్ని ఇవ్వాలంటే మారిషస్ నుంచి ముందే విడదీయాలి.

సెప్టెంబర్ 23న బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్, మారిషస్ నాయకుడు సీవూసాగర్ రామ్‌గులాంతో విడిగా కూర్చున్నారు. ఆ భేటీకి ముందు విల్సన్ చేతికి ఆయన కార్యదర్శి ఇచ్చిన నోట్ తర్వాతి కాలంలో బయటపడింది. దాని సారం ఏమిటంటే, ఈ మనిషిని ఆశతోనే భయపెట్టాలి. స్వాతంత్ర్యం రావచ్చన్న ఆశ చూపాలి, ఛాగోస్ విషయంలో బుద్ధిగా ఉండకపోతే రాకపోవచ్చన్న భయమూ పెట్టాలి. ఇంత పచ్చిగా కాగితం మీద పెట్టిన ప్రభుత్వ నోట్ నా చదువులో ఇంకోటి తగల్లేదు. ఆ రోజే రామ్‌గులాం సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు. బదులుగా 30 లక్షల పౌండ్ల పరిహారం, చేపల వేట హక్కులకు హామీ, చమురు, ఖనిజాలు దొరికితే ఆ లాభం మారిషస్‌దే అన్న హామీ, రక్షణ అవసరాలు తీరాక దీవులు తిరిగి ఇచ్చేస్తామన్న మాట. నవంబర్ 8న రాణి ఉత్తర్వుతో 'బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతం' అనే కొత్త వలస పుట్టింది. ప్రపంచమంతా వలసలు రద్దు చేసుకుంటున్న కాలంలో!

దీన్ని మన భాషలో ఇలా అనుకోండి. మైనర్ వారసుడి ఆస్తికి గార్డియన్‌గా ఉన్నవాడు, ఆ పిల్లాడు మేజర్ అవడానికి రెండు మూడేళ్ల ముందు, అందులో మంచి ముక్క ఒకటి తన పేర రాయించుకుని, 'వాడే ఒప్పుకున్నాడు, డబ్బు కూడా ఇచ్చాను' అన్నాడు. ఆ సంతకం చెల్లుతుందా? బ్రిటన్ వాదనంతా ఆ ఒప్పుకోలు మీదే నిలబడింది. మారిషస్ వాదనంతా ఆ ఒప్పుకోలు బలవంతపుదన్న దాని మీద. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఛాగోస్ లేని మారిషస్సే చేతికొచ్చింది. తర్వాత కొన్నేళ్ల దాకా మారిషస్ గట్టిగా అడగలేదన్నది నిజమే, బ్రిటన్ దాన్ని బాగానే వాడుకుంది.

అమెరికాతో ఒప్పందం 1966 డిసెంబర్ 30న కుదిరింది. మొదట 50 ఏళ్లకు, ఆ తర్వాత 2036 దాకా పొడిగించారు. అద్దె ఏమీ లేదు. కానీ అమెరికా నుంచి పొలారిస్ అణు క్షిపణుల కొనుగోలులో బ్రిటన్‌కి కోటీ 40 లక్షల డాలర్ల మేరకు తగ్గింపు దొరికింది, అదీ గుట్టుగా. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారే, ఇక్కడ అల్లుడు దానానికి కమిషన్ కూడా తీసుకున్నాడు.

ఇంతవరకూ దేశాల మధ్య లెక్క. మనుషుల సంగతి రాకపోతే ఈ వివాదం సగమే అర్థమవుతుంది. దీవుల్లో అప్పటికి ఐదారు తరాలుగా బతుకుతున్న 1500 నుంచి 2000 మంది ఉన్నారు. వాళ్ల భాష క్రియోల్, అంటే ఫ్రెంచి నుంచి పుట్టిన మిశ్రమ భాష. కొబ్బరి కోత, పీచు తీత, ఎండు కొబ్బరి నుంచి నూనె, ఇదే పని. మన కోనసీమ వాళ్లకి ఆ జీవితం ఊహించుకోవడం కష్టం కాదు. ఐక్యరాజ్యసమితి చార్టర్ ప్రకారం వలసలో శాశ్వత నివాసులు ఉంటే వాళ్ల బాగోగుల గురించి పాలకులు లెక్క చెప్పాలి. ఆ బాదరబందీ తప్పించుకోడానికి లండన్ అధికారులు ఒక మాయ చేశారు. ఇక్కడ శాశ్వత నివాసులే లేరు, ఉన్నది కాంట్రాక్టు మీద వచ్చిపోయే కూలీలని కాగితాల్లో రాసుకున్నారు. 1966 నాటి అంతర్గత నోట్‌లలో ఒక పెద్ద అధికారి, సముద్రపక్షులు తప్ప స్థానిక జనాభా ఏదీ ఉండబోదని రాస్తే, ఇంకొకాయన ఆ జనాన్ని టార్జాన్‌లతో పోల్చాడు.

తరలింపు ఒక్కరోజులో జరగలేదు. మొదట వైద్యానికో, బంధువుల్ని చూడ్డానికో మారిషస్ వెళ్లినవాళ్లని తిరుగు ఓడ ఎక్కనివ్వలేదు. తర్వాత సరుకుల ఓడలు తగ్గించారు. 1971లో దీవుల్లో ఎవరూ ఉండరాదని చట్టమే తెచ్చారు. డియెగో గార్సియాలో పెంపుడు కుక్కల్ని కొబ్బరి ఎండబెట్టే షెడ్డులోకి తోలి, వాహనాల పొగ వదిలి చంపారు. మనుషుల్ని నార్డ్‌వేర్ అనే సరుకు ఓడలో ఎక్కించి మారిషస్, సీషెల్స్ రేవుల్లో దింపారు. ఆఖరి దీవి పెరోస్ బాన్హోస్‌ని 1973లో ఖాళీ చేయించారు. మారిషస్ ప్రభుత్వానికి 1972లో ఆరున్నర లక్షల పౌండ్లు ఇచ్చారు. ఆ డబ్బు ఏళ్ల తరబడి ఈ జనం చేతికి చేరలేదు, ఇందులో మారిషస్‌ని కూడా కడిగెయ్యాల్సిందే. 1982లో ఇంకో 40 లక్షల పౌండ్లు వచ్చాయి. ఆ డబ్బు తీసుకోవాలంటే వెనక్కి వెళ్లే హక్కు వదులుకుంటున్నామన్న ఇంగ్లిష్ కాగితాల మీద వేలిముద్ర వేయాలి. వేసినవాళ్లలో చాలామందికి చదువే రాదు.

ఫాక్‌లాండ్ దీవుల యుద్ధం జరిగింది కూడా అదే 1982లో. అర్జెంటీనా, బ్రిటన్ల మధ్య ఆ దీవుల తగాదా 1833 నుంచీ ఉంది. అక్కడ ఉన్న సుమారు 1800 మంది 'మేం బ్రిటన్‌తోనే ఉంటాం' అన్నారు కాబట్టి, వాళ్ల స్వయం నిర్ణయాధికారం కోసం అని బ్రిటన్ 74 రోజుల యుద్ధం చేసింది. 255 మంది బ్రిటిష్ సైనికులు, 649 మంది అర్జెంటీనా వాళ్లు చనిపోయారు. 2013లో రెఫరెండం పెడితే బ్రిటన్‌తో ఉండొద్దన్నవి మూడే ఓట్లు. ఇంచుమించు అంతే జనం ఉన్న ఛాగోస్‌లో మాత్రం ఎవరినీ ఒక్క మాట అడగలేదు. ఫాక్‌లాండ్స్ జనం గొర్రెల కాపరులైనా తెల్లవాళ్లు, ఛాగోస్ జనం నల్లవాళ్లు. ఈ తేడా తప్ప ఇంకో కారణం చూపించమంటే నా దగ్గర లేదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. బ్రిటన్ మీద మారిషస్ నేరుగా అంతర్జాతీయ న్యాయస్థానానికి ఎందుకు వెళ్లలేదని చాలామంది అడుగుతారు. ఆ కోర్టుకి రెండు దేశాల ఒప్పుకోలూ ఉండాలి. బ్రిటన్ ముందస్తుగా ఇచ్చిన ఒప్పుకోలులో కామన్వెల్త్ దేశాలతో తగాదాలు మినహా అని ఒక షరతు ఉంది. మారిషస్ కామన్వెల్త్ సభ్యురాలు. పోనీ కామన్వెల్త్ నుంచి బయటికొచ్చి కేసు వేద్దామా అని 2004లో మారిషస్ ఆలోచిస్తోందని తెలియగానే, 'ఒకప్పుడు సభ్యులైనవాళ్లు కూడా' అని బ్రిటన్ ఆ షరతుకి తోక తగిలించింది. దీన్ని చూసి నవ్వుకునే ముందు, అలాంటి షరతు మన దేశానికీ ఉందని గుర్తుంచుకోండి. 1999లో మనం పాకిస్తాన్ నౌకాదళ విమానాన్ని కూల్చాక వాళ్లు వేసిన కేసుని, మరుసటి ఏడాది ఆ కోర్టు సరిగ్గా ఈ కారణంతోనే తీసుకోలేదు.

ముందు దారి మూసుకుపోయాక మారిషస్ పక్కదారులు వెతికింది. మొదటిది సముద్ర న్యాయం. 2010లో బ్రిటన్ ఛాగోస్ చుట్టూ భారీ సముద్ర సంరక్షణ ప్రాంతం ప్రకటించి చేపల వేట నిషేధించింది. పర్యావరణ సంస్థలు చప్పట్లు కొట్టాయి. ఈ సంరక్షణ పేరుతో పాత నివాసులు తిరిగి రాకుండా చేయొచ్చని ఒక బ్రిటిష్ అధికారి అమెరికన్లతో అన్నట్టు వికీలీక్స్ బయటపెట్టిన అమెరికా దౌత్య సందేశంలో వచ్చింది. 2015 మార్చిలో మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ ఆ ప్రకటన చట్టవిరుద్ధమంది. 1965లో ఇచ్చిన హామీలు వట్టి మాటలు కావని, బ్రిటన్ వాటికి కట్టుబడాల్సిందేనని తేల్చింది. దీవులు ఎవరివన్న ప్రశ్నను మెజారిటీ ముట్టుకోలేదు, ఇద్దరు సభ్యులు మాత్రం మారిషస్ వైపు మొగ్గుతూ విడిగా రాశారు. ఆ రెండు అభిప్రాయాలే మారిషస్‌కి ధైర్యమిచ్చాయని నా అంచనా.

రెండో దారి ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ. ఏ దేశమూ కేసు వేయక్కర్లేదు, సభే కోర్టుని సలహా అడగొచ్చు. 2017 జూన్‌లో 94 దేశాలు అడుగుదామన్నాయి, 15 వద్దన్నాయి. 2018 సెప్టెంబర్‌లో ఆ కోర్టు ఉన్న హేగ్‌లో వాదనలు జరిగాయి. 1973లో పెరోస్ బాన్హోస్ నుంచి గర్భంతో ఓడ ఎక్కిన లిజ్‌బీ ఎలీజే అనే మహిళ మాటల్ని వీడియోలో వినిపించారు. ఆమెకి చదవడం, రాయడం రాదు, క్రియోల్‌లో కొన్ని నిమిషాలు మాట్లాడింది. ఓడలో జంతువుల్లా తరలించారని, పుట్టిన బిడ్డ బతకలేదని చెప్పింది. ఈ కేసులో వేల పేజీల రాతలున్నాయి. వీలైతే ముందు ఆ వీడియో చూడండి, మిగతావి తర్వాత చదవొచ్చు.

2019 ఫిబ్రవరి 25న కోర్టు 13 మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపుగా చెప్పింది. తర్కం సూటిగానే ఉంది. 1960లో ఐక్యరాజ్యసమితి చేసిన 1514వ తీర్మానం వలస ప్రాంతాన్ని ముక్కలు చేయకూడదంది, 1965 నాటికి అది చట్టంతో సమానమైన సూత్రం అయిపోయింది. ఛాగోస్ అప్పటికి మారిషస్‌లో అంతర్భాగం. బ్రిటన్ చేతికింద ఉన్న మారిషస్ ఇచ్చిన ఒప్పుకోలు స్వేచ్ఛగా ఇచ్చినది కాదు. కాబట్టి విడదీయడం చెల్లదు, మారిషస్ వలసవిముక్తి పూర్తికాలేదు, బ్రిటన్ వీలైనంత త్వరగా పాలన ముగించాలి. మే నెలలో సభ దీన్ని 116-6 ఓట్లతో సమర్థించి ఆరు నెలల గడువిచ్చింది. వ్యతిరేకించిన ఆరు దేశాల్లో మాల్దీవులూ ఉంది, సముద్ర సరిహద్దు గొడవ వల్లే.

బ్రిటన్ అప్పుడు కదలకపోవడానికి కారణం 'సలహా' అన్న మాటే. సలహాభిప్రాయం దానంతట అది దేశాల్ని కట్టిపడెయ్యదు. బ్రిటన్ అదే చెప్పి కూర్చుంది. కానీ ఆ సలహాని మిగతా సంస్థలన్నీ చట్టంగానే తీసుకోవడం మొదలుపెట్టాయి. 2021 జనవరిలో మారిషస్, మాల్దీవుల సరిహద్దు కేసులో సముద్ర న్యాయ ట్రైబ్యునల్ ప్రత్యేక బెంచి, ఛాగోస్ మారిషస్‌దే అన్నట్టుగా ముందుకెళ్లింది. ఆ ఏడాదే ప్రపంచ తపాలా సంఘం బ్రిటన్ ఛాగోస్ స్టాంపుల్ని గుర్తించడం మానేసింది. (హైదరాబాద్ స్టార్టప్‌ల వెబ్ అడ్రసుల చివర కనిపించే డాట్ ఐఓ ఈ దీవులకి కేటాయించిన కోడే. దాన్ని వాడేవాళ్లలో ఎందరికి తెలుసో!) 2022 ఫిబ్రవరిలో మారిషస్ ఓడలో అధికారుల్ని, పాత నివాసుల్ని తీసుకెళ్లి పెరోస్ బాన్హోస్‌లో జెండా ఎగరేసింది. బ్రిటన్ చూస్తూ ఊరుకుంది. ఆ నవంబర్‌లోనే చర్చలు మొదలయ్యాయి.

2024 అక్టోబర్ 3న సూత్రప్రాయ ప్రకటన, 2025 మే 22న ఒప్పందంపై సంతకాలు. అప్పటికి మారిషస్ ప్రధాని నవీన్ రామ్‌గులాం, 1965లో లండన్‌లో కూర్చున్న ఆయన కొడుకు. ఒప్పందం ప్రకారం డియెగో గార్సియాతో సహా అన్ని దీవుల మీదా సార్వభౌమాధికారం మారిషస్‌ది. డియెగో గార్సియాలో స్థావరం 99 ఏళ్లు నడిపే అధికారం బ్రిటన్‌ది. ఇందుకు బ్రిటన్ ఏడాదికి సగటున 10 కోట్ల 10 లక్షల పౌండ్లు కట్టాలి, ఛాగోస్ వాసుల కోసం 4 కోట్ల పౌండ్ల నిధి పెట్టాలి. సంతకం వేరు, అమల్లోకి రావడం వేరు. రెండు దేశాలూ తమ తమ ఆమోద ప్రక్రియ పూర్తిచేస్తేనే ఒప్పందం అమలవుతుంది, వార్తలు చదివేటప్పుడు ఈ రెంటినీ కలిపేసుకోకండి.

దీవుల జనం ఈ ఒప్పందం మీద ఒక్క మాట మీద లేరు. మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో ఉద్యమం నడిపిన ఒలీవియర్ బాంకూల్ట్ స్వాగతించారు. నాలుగేళ్ల వయసులో ఇంట్లోవాళ్లతో వైద్యం కోసం మారిషస్ వచ్చి తిరిగి వెళ్లలేకపోయిన ఆయన, తిరిగి వెళ్లే హక్కు కోసం కేసు వేసి 2000లో లండన్ హైకోర్టులో గెలిచి, 2008లో అప్పటి బ్రిటన్ అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో 3-2 తేడాతో ఓడిపోయారు. లండన్‌కి దక్షిణాన క్రాలీలో స్థిరపడ్డవాళ్లలో చాలామంది మాత్రం మమ్మల్ని అడక్కుండా మా భూమిని ఇంకో దేశానికి ఎలా ఇస్తారని మండిపడ్డారు. మారిషస్ మిగతా దీవుల్లో జనాన్ని మళ్లీ స్థిరపరచవచ్చు, డియెగో గార్సియాలో మాత్రం కుదరదు. అంటే ఆ దీవిలో పుట్టినవాళ్లకి ఈ గెలుపుతో ఊరు తిరిగి రాలేదు. 1965లో అడగలేదు, ఈసారీ సరిగ్గా అడగలేదు. నా దృష్టిలో ఒప్పందంలో ఉన్న అసలు లోటు ఇదే. చట్టం దేశాల మధ్య లెక్క తేల్చగలిగింది, ఆ పని వరకూ బాగానే చేసింది.

ఇక మన దేశం. భారత్ మొదటి నుంచీ మారిషస్ పక్షమే, 2017లోనూ 2019లోనూ అనుకూలంగా ఓటేసింది. వలసవిముక్తి మన పాత విధానం. మారిషస్ జనాభాలో ఎక్కువమంది మన దేశం నుంచి వెళ్లిన కూలీల సంతతి. అందులో కోరంగి రేవు నుంచి ఓడెక్కిన తెలుగువాళ్ల వారసులూ ఉన్నారు, ఉగాది అక్కడ జాతీయ సెలవు. అలాగని దీన్ని వట్టి అభిమానం అనుకోకండి. ఒకప్పుడు అమెరికా స్థావరం అంటే మనకి పడేది కాదు, హిందూ మహాసముద్రం శాంతి మండలంగా ఉండాలనేవాళ్లం. ఇప్పుడు చైనా నౌకలు తిరుగుతున్నాయి కాబట్టి ఆ స్థావరం ఉండటం ఢిల్లీకి పెద్ద బాధ కాదు. యాజమాన్యం మారిషస్‌కి వచ్చి, స్థావరం అక్కడే ఉండిపోవడం మనకి అన్నివిధాలా కలిసొచ్చే ఏర్పాటు.

ఇంకొక్క మాట. మన దేశం ఎయిర్‌స్ట్రిప్, జెట్టీ కట్టించి 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన అగలేగా దీవుల్ని కొందరు ఛాగోస్‌లో భాగంగా రాసేస్తున్నారు. అవి వేరే దీవులు, మారిషస్‌కి ఉత్తరాన ఉంటాయి. 1965లో వాటిని విడదీయలేదు, వాటి మీద బ్రిటన్‌తో తగాదా కూడా లేదు. పరీక్షలో ఈ రెంటినీ కలిపి రాస్తే మార్కులు పోతాయి.